సర్టిఫికెట్ల మీద పేరు నాది, కోర్సులు చేసింది మా అమ్మాయి

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక లెక్కల టీచర్ రాసిన ఉత్తరం ఇది. చేత్తో నాలుగు పేజీలు రాసి ఫొటోలు తీసి పంపారు. అంతా ఇక్కడ వేయడం కుదరదు కాబట్టి విషయం క్లుప్తంగా చెప్తాను.

ఆవిడది 98 డీఎస్సీ బ్యాచ్. వయసు 53. తెలంగాణలో ఒక జడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్. 2021లో హైస్కూల్ టీచర్ల కోసం దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల ప్లాట్‌ఫామ్‌లో నిష్ఠ 2.0 శిక్షణ వచ్చింది, మొత్తం 13 కోర్సులు. అప్పుడే బడులు తెరిచారు. ఏడాదిన్నర బడి మొహం చూడని పిల్లలు భిన్నాల కూడికలు కూడా మర్చిపోయి వచ్చారు, పగలంతా వాళ్లతోనే సరిపోయేది. ఇంటికొస్తే మంచం పట్టిన అత్తగారు. రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. బీటెక్ చదువుతున్న కూతురు "మమ్మీ, నువ్వు పడుకో, అవి నేను చూసుకుంటా" అంది. వీడియోలు ఒకపక్క నడుస్తూ ఉండేవి, క్విజ్‌లు ఆ అమ్మాయే రాసేసింది. పదమూడు సర్టిఫికెట్లూ వచ్చాయి. ప్రింట్లు తీసి ఫోల్డర్‌లో పెట్టారు. తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడా మర్చిపోయారు.

ఈ మధ్య కొత్త హెచ్‌ఎం గారు ఆ ఫోల్డర్ చూశారు. చాలా సంతోషపడి, త్వరలో చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో లెక్కల టీచర్లకు దీక్ష ఎలా వాడాలో, ప్యానెల్ (వేలితో తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) మీద పాఠం ఎలా చెప్పాలో ఈవిడే నేర్పిస్తారని పేరు ఇచ్చేశారు. పద్నాలుగు మంది టీచర్లు, రెండు గంటలు, ఇంకా మూడు వారాల టైమ్. ఈవిడ "సరే సార్" అని వచ్చేశారు కానీ ఆ రోజు నుంచి నిద్ర లేదు. పాస్‌వర్డ్ కూడా గుర్తు లేదు. పదో తరగతి గదిలో ప్యానెల్ ఉన్నా పక్కనున్న నల్లబల్ల మీదే రాస్తారు. బడిలో 2024 డీఎస్సీలో వచ్చిన ఒక యువ టీచర్ ఉన్నారు, ప్యానెల్ ఆయన చెయ్యి ఆడినట్టు ఆడుతుంది. కానీ "నిన్నగాక మొన్న వచ్చిన పిల్లాడు, నన్ను మేడమ్ మేడమ్ అంటాడు, అతన్ని పట్టుకుని స్విచ్ ఎక్కడని అడగనా?" అని ఆవిడ బాధ.

అడిగిన ప్రశ్నలు మూడు. ఆ రోజు సెలవు పెట్టేయనా? హెచ్‌ఎం గారికి నిజం చెప్పేయనా? ఇంకో ఎనిమిదేళ్లలో రిటైరయ్యే నాకు ఇవన్నీ నేర్చుకోవడం అవసరమా? చివర్లో ఒక మాట రాశారు: "27 ఏళ్లలో నా ఎదుట ఒక్క పిల్లాణ్ని కాపీ కొట్టనివ్వలేదు. ఇప్పుడు నేనే కాపీ కొట్టినట్టుంది."

టీచర్ గారూ,

మీ చివరి మాటతోనే మొదలుపెడతాను. అవును, అది కాపీయే. కాదని నేను సర్దిచెప్పినా మీరు నమ్మరు, పరీక్ష హాల్లో అన్నేళ్లు నిలబడ్డ మనిషి మీరు. అయితే ఆ రోజుల్లో మీరు ఎందుకలా చేశారో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. భిన్నాలు మర్చిపోయిన పిల్లల్ని వదిలేసి వీడియోలు చూస్తూ కూర్చోలేదు మీరు. చేసిన తప్పూ, దాని వెనకున్న కారణమూ రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని చెరిపేయదు. రెంటినీ పక్కపక్కనే పెట్టుకుని ముందు ఏం చేయాలో చూద్దాం.

నాకు కనిపిస్తున్నదేంటంటే, మీ మనసులో రెండు వేర్వేరు ముడులు కలిసిపోయి ఒకే ముడిలా బిగుసుకున్నాయి. ఒకటి సర్టిఫికెట్లు. రెండోది ప్యానెల్, దీక్ష వాడటం రాకపోవడం. మీరు ఈ మూడు వారాలు రాత్రింబవళ్లు కూర్చుని అన్నీ నేర్చుకున్నా సర్టిఫికెట్ల సంగతి తేలదు. అలాగే సర్టిఫికెట్ల గురించి హెచ్‌ఎం గారికి చెప్పేసినంత మాత్రాన ప్యానెల్ వాడటం రాదు. దేని దారి దానిదే.

ఇంకో సంగతి, ఇది మీకు కొంచెం ఊరట అనుకుంటాను. ఆ పదమూడు కోర్సుల్లో పన్నెండు అన్ని సబ్జెక్టుల వాళ్లకూ కామన్, ఒక్కటే సబ్జెక్టుది. స్కూల్ లీడర్‌షిప్, కళలతో కలిపి బోధించడం, బోధనలో ఐసీటీ (కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం), ఇలాంటివి. మంచి విషయాలే. కానీ అవన్నీ మొదటి నుంచి చివరి దాకా కళ్లార్పకుండా చూసినవాళ్లు కూడా, రేపు పొద్దున ప్యానెల్ ముందు నిలబెట్టి బహుపదులు చెప్పమంటే తడబడతారు. చూడటం వేరు, చేయడం వేరని లెక్కల టీచర్‌కి నేను చెప్పాలా? బోర్డు మీద మీరు చేసిన లెక్క చూసి "అర్థమైంది మేడమ్" అన్న పిల్లలే పరీక్షలో అదే లెక్క దగ్గర ఆగిపోవడం ఎన్నిసార్లు చూసి ఉంటారు మీరు. సర్టిఫికెట్ చూసి చేయి తిరిగిన మనిషని అనుకోవడం హెచ్‌ఎం గారి తొందర. ఆ తొందరలో మీ తప్పు కొంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

సెలవు పెట్టడం అన్నింటికంటే తేలిక. ఆ రోజు గండం గడుస్తుంది. కానీ కాంప్లెక్స్ మీటింగ్ మళ్లీ వస్తుంది, ఫోల్డర్ అక్కడే ఉంటుంది, హెచ్‌ఎం గారు "ఈసారి మేడమ్ చెప్తారు" అని మళ్లీ అంటారు. ఈ మూడు వారాల టెన్షన్ ఏడాదంతా సాగుతుంది. అదీగాక ఆఖరి నిమిషంలో మీ బదులు ఎవరో ఒకరు, బహుశా ఆ యువ టీచరే, తయారు లేకుండా నిలబడాలి. ఇది మీకే నచ్చదని నా అనుమానం, నచ్చితే ఉత్తరం రాసేవారు కాదు.

ఏమీ చెప్పకుండా వెళ్లి ఎలాగోలా నెట్టుకురావడం ఇంకో దారి. నాలుగు స్లైడ్లు తయారు చేయించుకుని చదివేసి రావచ్చు. మీటింగ్‌కి వచ్చేవాళ్లు పిల్లలైతే నడుస్తుందేమో. వచ్చేది పద్నాలుగు మంది టీచర్లు. చెప్పే మనిషికి విషయం తెలుసో తెలియదో పది నిమిషాల్లో పసిగట్టేస్తారు, ఎందుకంటే రోజూ వాళ్లు చేసే పని అదే. దీని గురించి ఇంతకంటే ఆలోచించొద్దు.

మూడోది హెచ్‌ఎం గారికి పూర్తిగా చెప్పేయడం. ఇది చేయాలనుకుంటే స్టాఫ్‌రూమ్‌లో వద్దు, ఫోన్లో అసలే వద్దు. లాస్ట్ పీరియడ్ అయ్యాక, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, చిన్నగా చెప్పండి. "సార్, ఆ కోర్సులు నేను చేసినవి కావు. అప్పుడు ఇంట్లో పరిస్థితి బాగాలేక మా అమ్మాయి చేసి పెట్టింది. ఆ రోజు మీరు అడగ్గానే సరే అనేశాను, అనకుండా ఉండాల్సింది." ఇంతే. పెద్ద కథ చెప్పొద్దు, ఏడుపు ఆపుకోలేకపోతే ఆపుకోనవసరం లేదు. ఏమవుతుంది? పైకి పేరు పంపేశారు కాబట్టి ఆయనకు కాస్త ఇబ్బందే, ముఖం మాడ్చుకోవచ్చు. మంచివారైతే తనలోనే ఉంచుకుని వేరే ఏర్పాటు చేస్తారు. నోరు ఆగని మనిషైతే నాలుగు రోజుల్లో మండలమంతా తెలుస్తుంది. ఆయన ఎలాంటి మనిషో మీకు తెలుసు కాబట్టి ఈ లెక్క మీరే వేసుకోవాలి. వేరేవాళ్ల పొరపాట్ల గురించి ఆయన మీ ఎదుట ఎలా మాట్లాడతారో ఒకసారి గుర్తు చేసుకోండి, రేపు మీ గురించి కూడా అలాగే మాట్లాడతారు.

నాలుగోది మధ్యదారి. సర్టిఫికెట్ల చరిత్ర ఎత్తకుండా, ఇప్పటి నిజం మాత్రం చెప్పడం. "సార్, కోర్సు పూర్తయినట్టు ఉంది కానీ ప్యానెల్ మీద నాకు చేయి తిరగలేదు. నేను ఒక్క పాఠమే తీసుకుంటాను, మిగతాది కొత్త డీఎస్సీ సార్ గారూ నేనూ కలిసి చేస్తాం. ఒప్పుకుంటేనే వస్తాను." ఇందులో మీరు దాచినది ఉంది, అబద్ధం మాత్రం లేదు. కానీ ఒక చిక్కు. మీటింగ్ మొదట్లో హెచ్‌ఎం గారు లేచి "పదమూడు కోర్సులు పూర్తి చేసిన మేడమ్ గారు" అని పరిచయం చేస్తే, చప్పట్లు కొడుతుంటే, మీరు నవ్వుతూ నిలబడాలి. ఆ అర నిమిషం మీకు నరకం. అందుకని ముందే అడగండి, "సార్, నన్ను కోర్సుల పేరుతో పరిచయం చేయకండి, లెక్కల టీచర్ అంటే చాలు" అని. దానికి ఆయన ఎందుకని గుచ్చి అడిగితే, అప్పుడు మూడో దారి దానంతట అదే తెరుచుకుంటుంది, చెప్పేయండి.

నా మొగ్గు ఎటు అని అడిగితే, హెచ్‌ఎం గారి మీద నమ్మకముంటే మూడోది, లేకపోతే నాలుగోది. ఏ దారి పట్టినా ఒక గీత మాత్రం గీసుకోండి. ఆ సర్టిఫికెట్లు చూపించి ఏ అవార్డుకూ, ఏ రిసోర్స్ పర్సన్ పోస్టుకూ ఇక అప్లై చేయొద్దు. అక్కడ చూపిస్తే ఇంకొకరికి రావాల్సింది మీరు తీసుకున్నట్టు అవుతుంది, దానికి అత్తగారి జబ్బు కారణం చెప్పలేం.

ఇక ఆ కొత్త సార్ విషయం. "నాకు కంప్యూటర్ నేర్పిస్తారా" అని అడగడానికి మీకు చిన్నతనంగా ఉంది, అది నాకు అర్థమవుతుంది, అలా అడిగితే ఎవరికైనా చిన్నతనమే. అలా అడగకండి. పనితో అడగండి. "సార్, ఎల్లుండి పదో తరగతికి బహుపదుల గ్రాఫులు చెప్పాలి, ఈ ఒక్క గ్రాఫ్ ప్యానెల్ మీద ఎట్లా తేవాలో ఫ్రీ పీరియడ్‌లో చూపిస్తారా?" దీనికి ఐదు నిమిషాలు పడుతుంది. మీ దగ్గర కూడా ఆయనకు కావాల్సింది బోలెడుంది. ఏ స్టెప్పులో పిల్లలు మైనస్ గుర్తు మింగేస్తారో, సరూప త్రిభుజాల సిద్ధాంతం వెనక బెంచీ పిల్లాడితో ఎలా రాయించాలో, పేపర్లు దిద్దేటప్పుడు మార్కులు ఎక్కడ పోతాయో, రెండేళ్ల సర్వీసులో ఎవరికీ తెలియదు. ఆయన కూడా మిమ్మల్ని అడగాలని ఉండి, సీనియర్ మేడమ్ ఏమనుకుంటారోనని ఆగిపోయి ఉండొచ్చు. నేను చూసిన చాలా స్టాఫ్‌రూముల్లో సంగతి ఇదే, ఇద్దరూ ఒకరినొకరు అడగడానికి మొహమాటపడుతూ ఒకే టేబుల్ దగ్గర టిఫిన్ బాక్సులు తెరుస్తుంటారు.

మూడు వారాల్లో దీక్ష మొత్తం నేర్చుకోవాలని కూర్చోకండి, ఎవరూ నేర్చుకోలేరు. ఒక్క పాఠం తీసుకోండి. మీ పదో తరగతి పుస్తకంలో పాఠం మొదట్లో క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. పాస్‌వర్డ్ గుర్తు లేదని భయపడక్కర్లేదు, స్కాన్ చేసి చూడటానికి లాగిన్ అవసరం లేదు, గెస్ట్‌గా చూడొచ్చు. పుస్తకం నలిగిపోయి స్కాన్ కాకపోతే కోడ్ కింద ఆరు అక్షరాల కోడ్ ఇంకోటి ఉంటుంది, అది టైప్ చేసినా అదే వస్తుంది. ఈ ఒక్క ముక్క మీటింగ్‌లో చెప్తే సగం మంది టీచర్లు తల ఊపుతారు చూడండి. నెట్ సరిగా రాని బళ్ల కోసం, ఇంట్లో ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకుని బడిలో నెట్ లేకుండా చూపించే వీలుంది. దొరికిన వీడియో మీకు నచ్చకపోతే తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్‌లో అదే పాఠం వెతకండి. అదీ నచ్చకపోతే వీడియోనే వద్దు. అన్ని పాఠాలకూ వీడియో పనికిరాదు, సిద్ధాంతం నిరూపణ చెప్పేటప్పుడు నల్లబల్ల మీద ఒక్కో గీత మీ చేత్తో గీస్తుంటేనే పిల్లలకు ఎక్కుతుంది, అందులో నాకు ఏ సందేహమూ లేదు.

కానీ బహుపదుల దగ్గర నల్లబల్ల చేయలేని పని ఒకటుంది. జియోజెబ్రా అని ఒక ఉచిత యాప్ ఉంది, 2001లో ఆస్ట్రియాలో ఒక విద్యార్థి తన చదువు ప్రాజెక్టుగా మొదలుపెట్టినది, ఇప్పుడు లెక్కల టీచర్లు ప్రపంచమంతా వాడుతున్నారు. ఫోన్లో వేసుకుని ఎక్స్ స్క్వేర్ మైనస్ త్రీ ఎక్స్ ప్లస్ సీ అని కొట్టండి. పరావలయం వస్తుంది, దాంతోపాటు సీ విలువ మార్చడానికి ఒక చిన్న గీత, దాని మీద ఒక చుక్క వస్తాయి. ఆ చుక్కను వేలితో మైనస్ నాలుగు దగ్గరికి జరపండి. గ్రాఫ్ ఎక్స్-అక్షాన్ని మైనస్ ఒకటి దగ్గర, నాలుగు దగ్గర కోస్తుంది, మీ పిల్లలు నోట్‌బుక్కులో కారణాంకాలు చేసి తెచ్చే శూన్యాలు అవే. ఇప్పుడు చుక్కను మెల్లగా కుడికి లాగండి, గ్రాఫ్ పైకి లేస్తూ ఉంటుంది, కోసే రెండు బిందువులూ దగ్గరవుతూ ఉంటాయి. సీ విలువ రెండు దగ్గర ఒకటి, రెండు బిందువుల్లో కోస్తుంది. మూడు దగ్గరికి వచ్చేసరికి అక్షాన్ని పూర్తిగా వదిలేసి పైన నిలబడుతుంది. అక్కడ ఆపి క్లాసును అడగండి, "రెండుకీ మూడుకీ మధ్య ఎక్కడో ఒక్క చోట తాకింది, ఎక్కడ?" కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ప్యానెల్ మీద వేలు పెట్టి జరుపుతారు. చుక్క ఒక్కో అడుగుకి 0.1 చొప్పునే కదులుతుంది కాబట్టి సరిగ్గా తాకే చోటు దొరకదు, 2.2 అంటాడొకడు, 2.3 అంటాడొకడు. తొమ్మిది బై నాలుగు అని కాగితం మీద తేల్చాలి. వర్గ సమీకరణాల్లో విచక్షణి చెప్పే రోజు వచ్చినప్పుడు ఈ గొడవ గుర్తుచేస్తే చాలు, సగం పాఠం అయిపోయినట్టే.

ఇది మీరు ఇంట్లో ఫోన్లో పదిసార్లు చేయండి. తర్వాత బడిలో ఎవరూ లేనప్పుడు ప్యానెల్ మీద రెండుసార్లు. తర్వాత మీ పదో తరగతి పిల్లల ముందు ఒకసారి, అక్కడ ఏదో ఒకటి తప్పకుండా ఆగిపోతుంది, ఆగిపోతే పిల్లలే వచ్చి సరిచేస్తారు, చేయనివ్వండి. ఎక్కడ ఆగిందో, ఏం నొక్కితే సరైందో మీ మాటల్లో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. మీటింగ్‌లో పంచడానికి అంతకంటే మంచి మెటీరియల్ మీకు దొరకదు, ఎందుకంటే మిగతా పద్నాలుగు మందికి ఆగేది కూడా సరిగ్గా అక్కడే.

రెండు గంటలు ఎలా నింపాలా అని కంగారు పడకండి. మొదటి పావుగంట మీ పాఠం చూపించండి, ఆగినదంతా దాచకుండా. మధ్యలో గంటపాటు వాళ్ల చేత చేయించండి. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరి ఫోన్, ఒకరి పుస్తకం, వచ్చే వారం తాము చెప్పబోయే పాఠం కోడ్ స్కాన్ చేసి, వచ్చిన వీడియో చూసి, అది తమ క్లాసుకు పనికొస్తుందా లేదా, పనికొస్తే ఎక్కడ ఆపి ఏం ప్రశ్న అడగాలి అన్నది కాగితం మీద రాయాలి. పనికిరాదని తేల్చినా అది సరైన జవాబే. ఈ గంట మీరూ ఆ సారూ బెంచీల మధ్య తిరుగుతూ ఉంటారు, అదేమో మీకు 27 ఏళ్లుగా అలవాటైన పనే. చివరి ముప్పావుగంట వాళ్లు ఏం రాశారో ఒక్కో జంట చెప్తుంది, తెలియనిది ఎవరైనా అడిగితే "నాకూ తెలీదు, సార్ చూపిస్తారు" అనండి. ప్యానెల్, కరెంటు, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

53 ఏళ్లకు ఇవన్నీ అవసరమా అన్నారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు శిక్షణలో ఉండాలి, కాబట్టి ఆన్‌లైన్ కోర్సులు మీరు రిటైరయ్యేదాకా ఏదో ఒక పేరుతో వస్తూనే ఉంటాయి, ఆ లెక్కన అవసరమే. కానీ నాకు అంతకంటే పెద్ద కారణం కనిపిస్తోంది. ఇంకో ఎనిమిది బ్యాచుల పదో తరగతి పిల్లలు మీ చేతుల మీదుగా వెళ్తారు. సంవత్సరానికి రెండు మూడు పాఠాలు ఇలా తయారుచేసుకున్నా చాలు, మీరు దాచుకున్న నోట్‌బుక్కు ఆ కొత్త సార్ దగ్గర మిగులుతుంది. ఆ పాత కోర్సుల్లో గణితం బోధన మీద ఉన్నది ఇప్పటికీ తెరుచుకుంటుందేమో చూడండి, తెరుచుకుంటే వేసవి సెలవుల్లో ఒక్కటంటే ఒక్కటి మీరే స్వయంగా చేయండి. సర్టిఫికెట్ రాకపోయినా ఫర్వాలేదు.

మీ అమ్మాయి సంగతి కూడా రాశారు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోందని, విషయం చెప్తే నవ్వి "స్లైడ్లన్నీ నేనే చేసి పంపిస్తా మమ్మీ" అందని. ప్రేమతోనే అంది, అప్పుడూ ప్రేమతోనే చేసింది. ఆమె మీద కోపం పెట్టుకోకండి, స్లైడ్లు మాత్రం తీసుకోకండి. ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్‌లో కూర్చోమనండి. ఆమె నోటితో చెప్పాలి, మీరు నొక్కాలి. ఎంతసేపు పట్టినా ఆమె విసుక్కోకూడదని ముందే మాట తీసుకోండి.